సింధు వాళ్ళ నాన్న

నా నోటికి చెరుకుపల్లిలో పెద్ద పేరే ఉంది. రోజుకొకరినైనా కడిగెయ్యకపోతే నాకు అన్నం సయించదు. అలాంటిదాన్ని, మా తమ్ముడి విషయంలో తిట్టడానికి ఒక్క చెడ్డవాడు దొరకలేదు.

తమ్ముడు డేనియల్ రైసుమిల్లులో మెకానిక్కు. భర్త పోయిన నీరజను చేసుకున్నాడు. అప్పటికి ఆమె చంకలో రెండేళ్ళ సింధు. పెళ్ళి తర్వాత వచ్చిన ఆదివారమే పాపకు బాప్తిస్మం ఇప్పించాం. "ఈ బిడ్డ తండ్రి ఎవరు?" అని పాస్టరుగారు అడిగితే వాడు సంఘం ముందు నిలబడి "నేనేనండి" అన్నాడు. పేటంతా బిర్యానీ తిన్నాం. అందరితోపాటు చట్టం కూడా ఆ బంతిలో కూర్చుని తినే ఉంటుందనుకున్నాం.

మొన్న వేసవిలో, పాపకు ఐదేళ్ళప్పుడు, కామెర్లతో నీరజ పోయింది. నవంబరులో సమాధుల పండుగైనా రాకముందే ఈపురుపాలెం నుంచి వీరాస్వామిగారు వచ్చారు. నీరజ మొదటి భర్తకు తండ్రి, అంటే పాపకు సొంత తాత. మగ్గం పని చేసే మనిషి, మెత్తని మాట.

"మా అబ్బాయి గుర్తు ఇదొక్కతేనమ్మా. మా ఇంటిది లేచిన దగ్గర్నుంచీ దీన్నే తలుచుకుంటంది. పిల్లని మాకిచ్చెయ్యండి" అని నాకు చేతులు జోడించారు. ఆ ముసలాయన్ని ఏమని తిట్టను?

తెనాలిలో వకీలు సంజీవరావుగారి దగ్గరికి పరుగెత్తాం.

"నీరజగారు ఉండగానే ఇద్దరూ కలిసి దత్తతకి అర్జీ పెట్టుకోవాల్సిందండి. మారుతండ్రికి దారి భార్య ద్వారానే. ఇప్పుడు మీరు ఒంటరి మగవాళ్ళు. ఒంటరి మగవాడికి ఆడపిల్లని దత్తత ఇవ్వరు" అన్నాడాయన.

"గుడిలో అందరి ముందూ ఒప్పుకున్నానండి" అన్నాడు తమ్ముడు.

"అది దేవుడి దగ్గర చెల్లుద్దండి."

"అదే మగపిల్లాడైతేనో?" అన్నాను.

"ఏదో ఒకటి ప్రయత్నించేవాళ్ళమమ్మా. సంరక్షకుడిగా కోర్టులో అడగొచ్చు గానీ, తాతా నాయనమ్మా కావాలంటుంటే గెలవడం కష్టం."

ఆయన ఫీజు కూడా పుచ్చుకోలేదు. పుచ్చుకుంటే కనీసం ఆయన్నైనా తిట్టుకునేదాన్ని.

తాతగారి అర్జీ మీద బాపట్లలో పిల్లల సంక్షేమ కమిటీ ఆఫీసుకు పిలిచారు. అక్కడి మేడమ్ పాపను పక్కన కూర్చోబెట్టుకుని "ఎవరి దగ్గర ఉంటావమ్మా?" అని అడిగింది.

"నాన్న దగ్గర" అంది సింధు. ఆవిడ రాసుకుంది. ఆ తర్వాత వాళ్ళలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకుని పాపను తాతగారికి అప్పగించారు. పిల్లకు సొంతవాళ్ళున్నారట. మరి మేమెవరమో చెప్పలేదు.

బస్టాండులో ఈపురుపాలెం మీదుగా పోయే చీరాల బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. తమ్ముడు వీరాస్వామిగారికి ఒకటే జాగ్రత్తలు చెబుతున్నాడు.

"చల్లగాలి పడదండి, పిల్లికూతలొస్తాయి. ఇన్‌హేలర్ బ్యాగు పక్క జేబులో ఉంది. రాత్రి లైటు ఆపకండి, లేచి భయపడుద్ది."

"అలాగే బాబూ" అంటున్నారాయన ప్రతిదానికీ.

పోట్లాడదామని వెళ్ళినదాన్ని, కింద కూర్చుని పాప చెప్పు బకిల్ పెడుతున్నాను. అది పడి చావడం లేదు. కోపమొస్తే నాకు ఏడుపు రాదు. ఆ రోజు ఏడుపే వచ్చింది.

పాపను ఎక్కించారు. సింధు కిటికీ దగ్గర కూర్చుంది. వీరాస్వామిగారు పద్ధతి తెలిసిన మనిషి. మా తమ్ముడితో ఏ వరస కలపాలో తెలియక కాసేపు తడుముకున్నారు పాపం.

"అంకుల్‌కి టాటా చెప్పమ్మా" అన్నారు.

సింధు మా వెనకాలకు తొంగి చూసింది. ఎవరూ కనపడలేదు.

"ఏ అంకుల్, నాన్నా?" అని వాణ్ణే అడిగింది.

వాడు మెల్లగా చెయ్యెత్తి ఊపాడు.