ఎడమ చెవిలో డైలాగులు

మొన్నటిదాకా తిరువూరులో మా వీధివాళ్ళు సినిమా కథ తెలుసుకోవాలంటే టికెట్టు కొనక్కర్లేదు, మా ఇంటి కిటికీ కింద నిలబడితే సరిపోయేది. షుగరు వల్ల నాకు చూపు పోయింది. రైస్ మిల్లు హోరులో బతికిన మా ఆయనకి చెవులు పోయాయి. టీవీలో మాటలు నేను ఆయన ఎడమ చెవిలో అరిచి చెప్పేదాన్ని, బొమ్మ ఆయన నాకు చెప్పేవారు.

చెప్పడమంటే ఉన్నదున్నట్టు కాదు. "ఆ తోట అచ్చం రెడ్డిగూడెంలో మన మామిడితోటలా ఉందే. కాకపోతే దీనికి నీళ్ళు పెట్టేవాడున్నాడు. ఆ పిల్ల కట్టింది నీ పెళ్ళినాటి చీర రంగే" అనేవారు. నేనేం తక్కువ తిన్నానా? విలన్ తిట్లకి నా సొంతవి నాలుగు కలిపి ఆయన మీదే దులిపేసేదాన్ని.

దసరాకి మా ఆడపడుచు కూతురు హరిచందన వచ్చింది. మా అరుపులు విని పడీపడీ నవ్వి, టీవీ సెట్టింగుల్లో ఏవో రెండు ఆన్ చేసింది. ఇక మాటలన్నీ ఆయనకి తెర మీద అక్షరాలై పడతాయట. బొమ్మలో జరిగేది నాకు ఒక ఆడపిల్ల గొంతు చెబుతుందట.

"ఇక హాయిగా చూడండి అత్తా. గొంతు వద్దనుకుంటే ఇది నొక్కు, ఆగిపోతుంది" అని నా వేలు పట్టుకుని రిమోట్ మూలనున్న బటన్ మీద పెట్టింది.

గొంతు బాగానే ఉంది. "ఆమె ఎర్ర చీరలో కిటికీ దగ్గరికి నడిచింది" అంటుంది. అంతే. ఆ ఎరుపు ఎవరి పెళ్ళి ఎరుపో దానికేం తెలుసు? ఆయన పక్క కుర్చీలోనే ఉంటారు. తిన్నావా, పడుకుందామా తప్ప మాట లేదు. చూపు పోయినప్పుడు కూడా నేనింత ఒంటరిని కాలేదు.

నిన్న సాయంత్రం సినిమా మధ్యలో ఆ బటన్ నొక్కేశాను. గొంతు ఆగింది. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని కాచుకున్నాను. ఊహూ. అది ఆగిందని చెవులు వినపడని మనిషికి ఎలా తెలుస్తుంది? నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆయన భుజం తడుముకుని ఎడమ చెవిలో అరిచాను. "ఆ పిల్ల చెప్పడం లేదండీ! ఏం జరుగుతోందో మీరు చెప్పండి!"

"ఉండవే, అక్షరాలు వెళ్ళిపోతున్నాయి" అన్నారు. ఆయన గొంతులో విసుగు కూడా లేదు.

చెయ్యి తీసేసుకున్నాను. కాసేపటికి ఆ బటన్ మళ్ళీ నొక్కాను. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఒక్కరైనా ఉండాలి కదా.