లెక్కలావిడ అలసట

పొద్దున లేవగానే లెక్కలావిడ చేసే మొదటి పని మంచం కింద గడ్డి కోయడం. రాత్రి బూట్లు విప్పాక ఆవిడ ఎక్కడెక్కడ అడుగేసిందో అక్కడల్లా పలకల సందుల్లోంచి పచ్చగా లేచి ఉంటుంది. వాళ్ళ పుట్టింటి ఆడవాళ్ళ కాళ్ళే అంత. ఒంట్లో అలసట అరికాళ్ళలోంచి దిగి, తగిలిన చోట మొలుస్తుంది. కుట్టుమిషను కింద మొలిచినదాన్ని మొగుడు కత్తెరతో కత్తిరించుకుంటాడు, దారాలు చిక్కుపడుతున్నాయని సణుక్కుంటూ. కానీ పలకల నేల ఎంతని పీల్చుకుంటుంది? పిడికెడు గడ్డి. మిగతా అలసటంతా ఒంట్లోనే ఉండిపోయేది.

ఆవిడ ఉద్యోగం పూడ్చేసిన బొగ్గు గని మీద మొక్కలు ఏ మాత్రం తిరిగొచ్చాయో చూసి రాయడం. మట్టిగుట్ట మీద నిలబడి, కళ్ళు మూసుకుని, ఇనప చట్రాన్ని భుజం మీదుగా వెనక్కి విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, చట్రం లోపల నేల ఎంత మేర పచ్చగా ఉందో వందకి ఇన్నని వెయ్యాలి. చూసి విసిరితే అందరూ పచ్చగా ఉన్నచోటే విసురుతారు కదా, అందుకని ఆ పద్ధతి. పని పుస్తకంలో ఆవిడలాంటి వాళ్ళకీ ఒక నిబంధన ఉంది: కాళ్ళతో మొలిపించేవారు లెక్క పెట్టే ఉద్యోగంలో ఉన్నంతకాలం గుట్ట మీద బూట్లు విప్పరాదు. ఎండదెబ్బ తగిలితే ఏం చెయ్యాలో చెప్పే పేజీలోనే అదీ ఉంటుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ దాన్ని తప్పలేదు. వేళ్ళ సందులు ఒరుసుకుపోయి రసి కారినా తప్పలేదు.

కొలతతాడు పట్టుకునే మనిషిని అందరూ తాడు బాబాయ్ అంటారు. డెబ్బై ఒక్కేళ్ళు. ఒకప్పుడు ఇదే గనిలో డంపర్ తోలేవాడు. ఆయన పొలం గనిలోకి పోయింది. బొగ్గు అయిపోయాక గొయ్యి పూడ్చే పనీ ఆయనకే పడింది, తన పొలం ఉన్నచోట తన చేత్తోనే మట్టి దింపాడు. వందకి డెబ్బై వంతులు పచ్చబడితే ఎవరి వాటా వాళ్ళకి తిరిగిస్తామన్నారు. పచ్చబడకపోతే కంచె వేసి ఇంకో ఐదేళ్ళు ఆగాలి. ఆ డెబ్బై కోసమే ఆయన రెండుసార్లు ఐదేళ్ళు ఆగాడు, ఒక్కరోజు కూడా నోరు తెరిచి అడగలేదు.

ఈసారి యాభై చట్రాలు. నలభై తొమ్మిది అయ్యేసరికి సాయంత్రమైంది, ఆవిడ నడుము విరిగిపోతోంది. కూడి చూసుకుంటే, ఆఖరిదాంట్లో సగం పచ్చగా ఉంటే చాలు, గట్టెక్కినట్టే. కళ్ళు మూసుకుంది. బాబాయ్ ఆవిడ భుజం పట్టుకుని ఎటువైపైనా నాలుగడుగులు జరపగలడు, ఆవిడకి తెలియదు కూడా. జరపలేదు. చట్రం వెళ్ళి నల్లటి బోడి నేల మీద పడింది. అందులో గడ్డిపోచ కూడా లేదు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది.

"రాయమ్మా," అన్నాడు బాబాయ్. "ఉన్నది ఉన్నట్టు రాయి."

"అరవై తొమ్మిదే వస్తుంది బాబాయ్."

"ఐదేళ్ళేగా. నేను లేకపోతే తాడు ఇంకెవరో పట్టుకుంటారు."

ఆవిడ సున్నా వేసింది. వేస్తూ ఏడ్చింది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆవిడ ఏడుపు సగం ఆయన కోసం, సగం తన ఒంటి కోసం.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి ఆ లెక్క యథాతథంగా ఇచ్చింది. దాంతోపాటు రెండు కాగితాలు పెట్టింది. ఒకటి తన రాజీనామా. రెండోది బాబాయ్ తరఫున తానే రాసిన అర్జీ, నలభై రోజుల్లో వేరే మనిషి చేత మళ్ళీ లెక్క పెట్టించమని. పైఅధికారి పని పుస్తకం తిరగేసి, ఆ బూట్ల నిబంధన ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే కదా అన్నాడు. అవునండీ, అందుకే అంది. ఆయన సంతకం పెట్టేశాడు.

మొగుడికి చెబితే మిషను ఆపి విన్నాడు. తర్వాత, రెండు జాకెట్లు ఎక్కువ కుడతాలే, వెళ్ళిరా అన్నాడు.

గుట్ట మొదట్లో బూట్లు విప్పింది. వేడి మట్టి అరికాళ్ళకి తగలగానే ఒళ్ళంతా ఒక్కసారి జల్లుమంది. మొదటి పదేళ్ళ అలసట తూర్పు వాలు మీదే దిగిపోయింది, గరిక గరికగా. పిల్లకి జ్వరమొచ్చినా ఎండలో చట్రం విసిరిన రోజులు తుమ్మ మొక్కలై లేచాయి. అమ్మ పోయినప్పుడు సెలవు దొరక్క లెక్క పెట్టిన మూడు రోజులు మాత్రం ఎంతకీ దిగలేదు. బోడి నేల మీద అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి కూలబడి, అమ్మా అని గట్టిగా ఏడిస్తే అప్పుడు దిగాయి. అక్కడ మొలిచినదాని పేరు ఆవిడకీ తెలియదు. బాబాయ్ వెనకాలే నడిచేవాడు, నీళ్ళ సీసా పట్టుకుని.

నలభయ్యో రోజున కొత్త లెక్కలాయన వచ్చాడు. యాభై సార్లు వెనక్కి విసిరాడు, యాభై సార్లూ గడ్డిలో చట్రాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. తొంభై ఒకటి వచ్చింది. 'మొలిపించినది మాజీ ఉద్యోగిని, అభ్యంతరం లేదు' అని పక్కన రాసుకున్నాడు.

అప్పగింత రోజున కొలిచి నాలుగు మేకులు పాతి, ఇదే నీ పొలమని కాగితం ముందు పెట్టారు. బాబాయ్ ఆ నాలుగు మేకుల మధ్య నిలబడి కాసేపు కిందకి చూశాడు.

"నా పొలం దీని కింద అరవై మీటర్ల లోతున ఉందండీ," అన్నాడు. "నేనే కప్పాను. ఇది నాది కాదు."

అధికారి కలం చాచినవాడు చాచినట్టే ఉండిపోయాడు.

"అయినా ఇవ్వండి," అన్నాడు బాబాయ్, సంతకం పెట్టి. తర్వాత పక్కనే ఉన్న లెక్కలావిడ వైపు తిరిగాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ గుట్ట మీదే ఉన్నావు కదమ్మా. పొద్దుటి ఎండ ముందు ఎటు పడుతుంది? గుమ్మం అటు పెట్టుకుంటా."

ఆవిడ చూపించింది. ఆయన అటు వెళ్ళి, ఎన్ని అడుగులు పడతాయో కొలుచుకోవడం మొదలుపెట్టాడు.