ఋ కొయ్యాలంటే సన్న బ్లేడు

దయాసాగర్ ఇంట్లో రంపప్పొట్టు పడని చోటు ఒక్కటే, దయాసాగర్ చొక్కా. మిగతా అంతటా పడుతుంది. వెనక వరండాలో లేచి, గాలివాటుకి వంటింట్లోకొచ్చి పోపుల డబ్బా మీద వాలుతుంది. దండెం మీద ఆరేసిన దుప్పట్ల మీద వాలుతుంది. స్వర్ణకుమారి జడలో, కనుబొమల మీద, పైట మడతల్లో అయితే కాపురమే పెట్టేసింది. ఆ ఉదయం కూడా ఆవిడ కొబ్బరి చీపురుతో పొట్టంతా ఒక మూలకి పోగేస్తుంటే, ఇడ్లీ తుంపుకుంటూ దయాసాగర్ రోజూ అనే మాటే అన్నాడు.

"నా వర్క్‌షాపు జాగర్తే స్వర్ణా. ఏ వస్తువూ కదపకు."

వస్తువులు కదపకుండా ఊడ్చే చీపురు చోడవరం బజార్లో ఏ కొట్లో దొరుకుతుందో అది మాత్రం చెప్పడు.

వర్క్‌షాపంటే మరేం లేదు, వరండా మూల ఒక బల్ల, దాని మీద స్క్రోల్ సా అనే మిషను. చూస్తే కుట్టుమిషనుకి మేనత్త కొడుకులా ఉంటుంది. సూది ఉండాల్సిన చోట, చీపురుపుల్లంత సన్నటి రంపం బ్లేడు నిలువుగా బిగించి ఉంటుంది. స్విచ్చి వేస్తే అది పైకీ కిందకీ ఆడుతుంది. గీత గీసుకున్న చెక్కని దాని ముందు పెట్టి నెమ్మదిగా తిప్పుకుంటూ పోతే ఎలాంటి వంపైనా తెగుతుంది. పద్నాలుగు నెలల కిందట, ఆఫీసు నుంచి వచ్చి టీవీ చూసి చూసి విసుగెత్తి, ఏదైనా హాబీ ఉండాలని దయాసాగర్ ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. మనిషి మంచివాడే, పాపం. సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా, తనకి అన్నీ వచ్చని ఒక గట్టి నమ్మకం.

బ్లేడ్లు కొన్నప్పుడు కూడా ఆ నమ్మకమే పని చేసింది. అందులో సన్నవీ లావువీ బోలెడు నంబర్లుంటాయి. అతను మాత్రం అన్నిటికన్నా లావైనవి నాలుగు డజన్లు తెప్పించాడు. "బలంగా ఉండాలే, ఇరగకూడదు," అన్నాడు. అవి విరగలేదు, నిజమే. వంపు దగ్గర తిరగనూ లేదు. సిలువ, నక్షత్రం లాంటి తిన్నటి గీతలవి ఎలాగో కోసి చర్చిలో నలుగురికీ పంచాడు గానీ, పావురం కోస్తే బాతు వచ్చింది, చెక్క అంచులు మాడి వరండా అంతా పొగ కంపు.

అప్పుడే స్వర్ణకుమారి ఒకసారి సరదాకి ఆ స్టూలు మీద కూర్చుంది. ఇంకా స్విచ్చి మీద చెయ్యి వెయ్యలేదు.

"లే, లే! ఏలు తెగితే వంటెవరు చేస్తారు?" అన్నాడు దయాసాగర్.

వాళ్ళత్తగారు మంచం మీంచే అందుకుంది. "ఆడోళ్ళు రంపం పట్టుకోడమేటమ్మా, సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

స్వర్ణకుమారి లేచిపోయింది. లేచిపోయింది గానీ, ఆ రోజంతా కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తూ అదే ఆలోచించింది. ఇరవై రెండేళ్ళుగా ఈ కత్తిపీట మీద కోస్తున్నాను, కొరమీను కోశాను, గుమ్మడికాయ కోశాను, చెయ్యి నాలుగుసార్లు తెగితే గుడ్డ చుట్టుకుని మళ్ళీ అదే చేత్తో కోశాను, ఆడవాళ్ళు కత్తి పట్టుకోడమేంటని ఈ ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదేం? పైగా నా వేలు తెగితే నాకు నొప్పెడుతుందని కాదు, వంట ఆగుతుందని. అంటే ఈ వేళ్ళు పదీ నావి కావన్నమాట, వంటింటి సామాన్లన్నమాట, అట్లకాడ పక్కన తగిలించుకోవాల్సినవి! ఆ మాటకి ఆవిడకే నవ్వొచ్చింది. నవ్వుతూనే చేప ముక్కలకి ఉప్పు రెండుసార్లు వేసేసింది. రాత్రి భోజనాల్లో అందరూ మంచినీళ్ళు తెగ తాగారు.

మరుసటి వారం నుంచీ, అన్నం ఉడుకుతున్నంతసేపూ ఫోన్లో వీడియోలు చూడడం మొదలెట్టింది. చూసేకొద్దీ ఇదేదో తెలిసిన విద్యలాగే తోచింది. వాయిలు గుడ్డకి పదకొండో నంబరు సూది, జీన్సుకి పదహారు పెడతామా లేదా? ఇదీ అంతే. పల్చటి చెక్కకి, చిన్న వంపులకి రెండో నంబరు బ్లేడు, అరంగుళం చెక్కకి అయిదో నంబరు. మొండి సూదితో కుడితే గుడ్డ పీక్కుపోయినట్టు, మొండి బ్లేడుతో కోస్తే చెక్క మాడుతుంది, గీత వదిలి పక్కకి పోతుంది. విరిగేదాకా ఆగకూడదు, చెక్కని తొయ్యాల్సి వస్తోందంటేనే బ్లేడు మార్చేయాలి. ప్లైవుడ్డయితే మరీను, అందులో జిగురుకి పళ్ళు తొందరగా అరుగుతాయి.

మొగుడి ఫోన్లోంచే సన్న బ్లేడ్లు ఆర్డరు పెట్టించింది. "మీ పావురానికి ఇవి బాగుంటాయంటండీ," అంది. పావురమంటే చాలు, పెట్టేశాడు. అప్పణ్ణుంచి మిషను బాగోగులు ఆవిడవే. పైకీ కిందకీ ఆడే ఇనప చేతుల కీళ్ళకి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు. బ్లేడు పట్టుకునే మరకి మాత్రం నూనె తగలకూడదు, తగిలితే జారిపోతుంది. ఇనప బల్లకి కొవ్వొత్తి ముక్క రుద్ది గుడ్డతో తుడిస్తే చెక్క వెన్నలా జారుతుంది. పని అయ్యాక బ్లేడు బిగువు వదులు చేసి పెట్టాలి. కొత్త బ్లేడు తొడిగి వేలితో మీటి చూస్తుంది, 'టింగ్' మనాలి. 'టప్' మంటే ఇంకో చుట్టు బిగించాలి. ఇదంతా ఎవరు చేస్తున్నారని దయాసాగర్ ఎన్నడూ అడగలేదు. మిషనంటే అలాగే ఉంటుందనుకున్నాడు, ఇస్త్రీ చొక్కా అలమరలో దానంతటదే మొలిచినట్టు.

అలా సాగుతుండగా వడ్డాది నుంచి చిన్నారి టీచరొచ్చింది. అంగన్‌వాడీ నడుపుతుంది. సన్నగా, చురుగ్గా, స్కూటీ దిగకముందే మాట మొదలెట్టే రకం.

"సార్, మా పిల్లలకి అఆలు చెక్కతో కావాలండి. పలక మీదయితే సూడరు, సేతిలో పెడితే ఆడుకుంటారు. యాభై ఆరు అక్షరాలు. రెణ్ణెల్లు టైం ఉంది."

"యాభై ఆరేటి టీచరమ్మా, వందయినా కోసేస్తాను," అన్నాడు దయాసాగర్.

జిరాక్స్ షాపులో అక్షరాలు పెద్దవిగా ప్రింటు తీయించి చెక్కల మీద అతికించాడు. మొదటి సాయంత్రం 'అ' మొదలెట్టాడు. మూడో సాయంత్రానికి ఎనిమిది బ్లేడ్లు విరిగాయి, 'అ' ఇంకా పుట్టలేదు. ఇంగ్లీషు అక్షరాలు కర్రలు పేర్చినట్టుంటాయి, కోసేయొచ్చు. మన అక్షరాలు జిలేబీలు. దానికి తోడు 'ఠ' చుట్టూ కోసేసరికి లోపలున్న చుక్క ఊడి కింద పడింది. చేతిలో మిగిలింది 'ర'.

నాలుగో రోజు అతనికి ఆఫీసులో పని ఎక్కువైపోయింది. "స్వర్ణా, నువ్వు కాస్త అంచులవీ సరిజేస్తుండు," అని వెళ్ళిపోయాడు.

అంచులు సరిచెయ్యడానికి ముందు అక్షరాలుండాలి కదా! రోజూ అత్తగారు భోంచేసి నడుం వాల్చాక, గిన్నెలు తోమడానికీ పంపు నీళ్ళు రావడానికీ మధ్య ఒక్క గంట దొరికేది. ఆ గంటలో ముక్కుకి గుడ్డ కట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తలుపు దగ్గరకేసి కోసేది. 'ఠ'లో చుక్క ఊడకుండా దాన్ని సన్నటి వంతెనతో పక్కకి అతికి ఉంచింది. లోపలి గుండ్రాలకి ముందు చిన్న బెజ్జం వేసి, బ్లేడు అందులోంచి దూర్చి, మళ్ళీ బిగించి కోసింది. ఒక్కో అక్షరం చేతిలోకి ఊడి వస్తుంటే, చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరమే ఇన్నాళ్ళకి తన పేరు అడుగుతూ వెతుక్కుంటూ వచ్చినట్టుండేది. నలభై రోజులు పట్టింది. సాయంత్రం దయాసాగర్ ఇంటికొచ్చి వాటిని తిప్పి చూసి, "ఫర్లేదు, నేను అంటించిన గీత మీదే పోయేయి. కొయ్యడమేటుంది, గీత ఎంబడి పోడమే గదా," అనేవాడు. అబద్ధమాడుతున్నానని అతనికి అనిపించదు. అదే కదా వచ్చిన తంటా!

స్వర్ణకుమారికి పొగడ్తలు అక్కర్లేదు. ఆవిడకి కావాల్సింది ఒకటే. దొంగ గంటలో కాకుండా, తలుపు తెరిచి, నలుగురూ చూస్తుండగా ఆ స్టూలు మీద కూర్చోవాలి. ఎవరూ లే అనకూడదు.

శనివారం చిన్నారి టీచర్ అక్షరాలు పట్టుకెళ్ళడానికి వచ్చింది. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని బుగ్గకి ఆనించి చూసుకుంది. "ఎంత నున్నగున్నాయి సార్! మా సూపర్‌వైజర్ మేడం వీడియో అడుగుతన్నారు. మీరు కోస్తుంటే ఒక్క నిమిషం తీసుకుంటాను. ఇంకో 'ఋ' కొయ్యండి సార్, ఇదంటే పిల్లలు పడిచస్తారు, జెర్రిలాగుందని."

'ఋ' అనేసరికి దయాసాగర్ ఆ మెలికల వంక ఒకసారి చూశాడు. అయినా మిగిలిన 'ఋ' ప్రింటొకటి చెక్కకి అతికించి, తల దువ్వుకొచ్చి కూర్చున్నాడు. స్విచ్చి వేశాడు, చెక్కని ఎద్దుని తోలినట్టు ఒక్క తోపు తోశాడు. ఫట్. బ్లేడు విరిగింది.

"కొత్తది ఏస్తాను, ఒక్క క్షణం," అన్నాడు హుందాగా.

మిషను బాగోగులు ఆవిడ చేతిలోకి వెళ్ళాక అతను బ్లేడు తొడగడం అదే మొదలు. విరిగినప్పుడల్లా టీ తాగడానికి లేవడం, తిరిగొచ్చేసరికి కొత్తది ఉండడం, ఇదే అతనికి తెలిసిన పద్ధతి. డబ్బాలోంచి ఒకటి తీసి, అటూ ఇటూ చూసి, పైనా కిందా బిగించాడు. స్వర్ణకుమారి వంటింటి గుమ్మంలోంచి చూసింది. పళ్ళు పైకి ఉన్నాయి. చెబుదామని నోరు తెరిచింది, 'కదపకు' అన్న మాట గుర్తొచ్చి మూసుకుంది. ఇందులో కాస్త కొంటెతనం కూడా ఉందని ఒప్పుకోవాలి.

స్విచ్చి పడింది. బ్లేడు పైకి వెళ్ళినప్పుడల్లా చెక్కని పట్టుకుని ఎగరేస్తోంది. టకటకటకటక! 'ఋ' బల్ల మీద గెంతుతోంది. దయాసాగర్ రెండు చేతులా దాన్ని అదుముతుంటే బల్ల గెంతింది, బల్లతో పాటు దయాసాగరూ గెంతాడు. చిన్నారి టీచర్ చేతిలో ఫోను నవ్వుకి ఊగిపోతోంది.

లోపల మంచం మీంచి అత్తగారు కేకేసింది. "ఒరే సాగరూ! రోజూ మజ్జాన్నం నాను నడుం వాలిస్తే మిషను జోలపాటలాగ సన్నగా ఇనబడతాది. ఇయ్యాల ఏటిరా, ఎడ్లబండిలాగ కొట్టుకుంటంది?"

దయాసాగర్ స్విచ్చి ఆపాడు.

"మజ్జాన్నం సారు ఆఫీసులో కదా ఉంటారు, మామ్మగారూ?" అంది టీచర్.

టీచర్ సారుని చూసింది, తర్వాత గుమ్మంలో నిలబడ్డ స్వర్ణకుమారిని చూసింది. కనుబొమల మీదున్న పొట్టు చూసింది.

"ఈ బ్లేడు కంపెనీయే మంచిది కాదు," అన్నాడు దయాసాగర్, చిన్న గొంతుతో.

"కంపెనీ మంచిదేనండి. మీరే తిరగేసి పెట్టేరు." స్వర్ణకుమారి వచ్చి బ్లేడు ఊడదీసి, బొటనవేలితో కింద నుంచి పైకి మెల్లగా నిమిరి చూపించింది. "ఇలా నిమిరితే ఏలికి పట్టుకోవాల. అప్పుడు పళ్ళు కిందకి ఉన్నట్టు లెక్క. దీనికయితే ఇంత లావుదీ పనికిరాదు, రెండో నంబరు కావాల." సన్నది తీసి తొడిగి, బిగించి, మీటింది. టింగ్.

"అదే, అదే నేనూ చెప్పబోతన్నాను. ఇంక లే, నేను కోస్తాను."

ఆవిడ అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉంది. ఎప్పుడు కూర్చుందో ఆవిడకే తెలీదు. కాళ్ళు లేవడానికి అలవాటు పడినవి, అవి లేవబోయాయి కూడా. ఈ ఇంట్లో ఎన్నిసార్లు లేచాను నేను, అనుకుంది. విస్తరి ముందు నుంచి నెయ్యి కోసం లేచాను, జ్వరంలో మంచం మీంచి కాఫీ కోసం లేచాను, పాటల పుస్తకం తెరిచి సగం పాటలో గొళ్ళెం చప్పుడికి లేచాను. ఒక్క 'ఋ' అయ్యేదాకా లేవకపోతే ఆకాశం ఏమైనా ఊడి పడుతుందా? పడితే పడనీ, చుక్కలు ఊడకుండా పట్టుకోవడం నాకు వచ్చు.

"తియ్యండి టీచరుగారూ వీడియో," అని కళ్ళద్దాలు పెట్టుకుని స్విచ్చి వేసింది.

జాకెట్టు చంక దగ్గర గుడ్డ తిప్పినట్టు, రెండు చేతుల వేళ్ళతో చెక్కని తిప్పుకుంటూ పోయింది. తొయ్యలేదు, బ్లేడుకి అందించిందంతే. మెలిక దగ్గర ఆగి, ఊపిరి పీల్చి, మళ్ళీ కదిలింది. లోపల అత్తగారు, "ఆఁ, ఇదీ సౌండంటే," అని అటు తిరిగి పడుకుంది. 'ఋ' ఊడి ఆవిడ అరచేతిలోకి వచ్చింది. దయాసాగర్ వంగి చూశాడు. ఈసారి గీత గురించి ఏమీ అనలేదు. "వంకర పోలేదే!" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

టీచర్ ఫోను పర్సులో పెట్టుకుని నోటు పుస్తకం తీసింది. "రావికమతం సెంటరోళ్ళు కూడా ఒక సెట్టు కావాలంటన్నారు. ఎన్ని రోజుల్లో అవుద్ది సార్?" అలవాటు కొద్దీ అతన్నే అడిగింది.

దయాసాగర్ నోరు తెరిచాడు. వారం అనబోయాడేమో. చెక్క వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. "ఎన్ని రోజులు పడుద్ది స్వర్ణా?"

కాఫీకి ఎంతసేపు, కూరకి ఎంతసేపు అని ఇరవై రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ పనికి ఎన్ని రోజులు కావాలని అడగడం ఇదే. 'మీరు ఎప్పుడంటే అప్పుడు' అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది స్వర్ణకుమారికి. దాన్ని లోపలికి మింగేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ తాపీగా లెక్క కట్టింది.

"వంట నేను చేస్తే నలభై రోజులండి," అంది. "ఆయన చేస్తే పన్నెండు."

చిన్నారి టీచర్ పుస్తకంలో పన్నెండు అని రాసుకుంది.