వీరన్న పిలవని పేరు

పాల్ అన్న పేరు పుట్టుక వీరన్నకి మొదట చెప్పింది నర్సు సలోమమ్మ. అప్పుడాయన దేవరాపల్లి గానుగ దగ్గర, రోజూలాగే, బెల్లం పాకం గరిటెతో ఎత్తి చూసుకుంటున్నాడు.

కోడలు కుమారికి మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోవాణ్ణి ఊరి ఆనవాయితీ ప్రకారం చావు కన్ను పడకుండా పెంటమీద పడుకోబెట్టి తవుడుకి అమ్మినట్టు చేశారు. కొన్నది సలోమమ్మ. కొన్నవాళ్ళదే పేరు పెట్టే హక్కు. ఆవిడ పాల్ అని పెట్టింది. తవిటయ్యనో పెంటయ్యనో అయితే వీరన్న ఓర్చుకునేవాడు.

"లాటిన్ మాట పెద్దయ్యా. చిన్నోడని అర్థం. రోములో పెట్టుకునేవోరట. తరవాత క్రీస్తు మాట మోసుకుని ఊళ్ళు తిరిగినాయన పేరైంది. పాదిరీల ఓడెక్కి మనకాడికొచ్చింది. చిన్నోణ్ణి సావు సూసీ సూడనట్టు ఒదిలేత్తాది."

"సముద్రం దాటొచ్చి మా నాన్న పీటమీద కూకుంటాదేటి? ఆడికి మా నాన్న పేరే, అప్పలరమణ. నా నోట నీ పేరు రాదు."

రాలేదు. బిడ్డ మాత్రం బతికాడు. పేరు తన పని తాను చేసింది. పాల్ అని పిలిచినప్పుడల్లా వాడు వెంట్రుకవాసి తరిగేవాడు, పిలవకపోతే పెరిగేవాడు. బడి రోజుల్లో, హాజరు పిలుపు పుణ్యమా అని, కుమారి లాగులు లోపలికి మడిచి కుట్టేది. సెలవుల్లో విప్పేది. కిళ్ళీకొట్టు దగ్గర వాడి నేస్తం నానాజీ సరదాకి, "పాల్! పాల్! ఏటి బావా, సొక్కా మోకాళ్ళకొచ్చేసింది?" అని ఏడిపించేవాడు. వీరన్న కూడా నవ్వేవాడు.

మనవడి మనసంతా మిలిటరీ మీద. అక్కడ నెంబరుతోనే పిలుస్తారని విన్నాడు. కుమారి గుమ్మం గుమ్మం తిరిగింది. "సెలక్షన్లయ్యేదాకా పేరెత్తకండి బాబూ, మీ కాళ్ళట్టుకుంటాను." నానాజీ సైతం నోరు కట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి వాడి తల ద్వారబంధానికి తగిలింది.

అనకాపల్లి మైదానంలో సెలక్షన్ల పరుగు నెగ్గాడు. ఎత్తు కొలిచే కర్ర కింద నిలబడ్డాడు. కావలసిన ఎత్తులో బిగించిన అడ్డచెక్క సరిగ్గా తలకి ఆనింది. జవాను పెన్ను తీశాడు.

కంచె బయట వీరన్న పక్కన ఎవరో అన్నారు, "ఆ నర్సమ్మ కుర్రోడంట. గట్టోడు."

వీరన్నకి ఒళ్ళు మండిపోయింది. "నర్సమ్మకేటి సంబంధం? ఆడు నా మనవడు! ఒరే అప్పలరమణా!"

పుట్టినకాడినించీ వాడు ఆ పేరుకి పలకలేదు. ఇప్పుడూ తిరగలేదు.

"నీ మనవడైతే పలకడేటి తాతా?" జనం గొల్లుమన్నారు.

"ఒరే పాల్!"

ఇన్నేళ్ళూ మింగిన పిలుపులన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి.

వాడు తిరిగి చూశాడు. ముఖం విప్పారింది. "తాతా!" అన్నాడు. అడ్డచెక్క ఎక్కడిదక్కడే ఉంది. దానికీ తలకీ మధ్య బెత్తెడు సందు.

జవాను మళ్ళీ ఒకసారి చూసి, పెన్ను మూసి, "నెక్స్ట్" అన్నాడు.

వీరన్న కండువా సర్దుకుని కంచె దగ్గరకి జరిగాడు.

"బాబూ, మీ కాయితంలో తప్పుంది. ఆడు పాల్ కాడు. అప్పలరమణ. కాస్త దిద్దండి."