వేడి నిలిచే ఇల్లు

కుట్టుమిషన్ల షెడ్డు నుంచి ఆమె మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మెట్ల నిండా జనం. గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఆమె భర్త దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకుని ఉన్నాడు. రాత్రంతా గిడ్డంగిలో బస్తాలు మోసి వచ్చిన మనిషి. ఒంట్లో వేడి ఇంకా పోలేదు. ఊపిరి పోయింది. కాళ్ల దగ్గర బొగ్గుల కుంపటి కణకణలాడుతూనే ఉంది.

ఆ మేడలో ఉండేదంతా కూలీనాలీ జనం. చలికాలం గోడలు మంచుగడ్డలయ్యేవి. ఇంట్లో వేడి బయటికి పోకుండా బాగుచేయిస్తే ఖర్చులో సగం తానిస్తానని సర్కారు ప్రకటించింది. యజమాని ఎగిరి గంతేశాడు. కాంట్రాక్టరు వచ్చి గోడలకు నురగ పలకలు అతికించాడు. కిటికీలకు జంట అద్దాలు బిగించాడు. వెంటిలేటర్లు మూసేశాడు. కుంపట్ల బదులు గదికో కరెంటు హీటరు పెట్టాలి. అవి మాత్రం రాలేదు. ఎప్పుడడిగినా కాంట్రాక్టరు "దారిలో ఉన్నాయమ్మా" అనేవాడు. అద్దె మాత్రం పెరిగింది.

"కుంపటి పెట్టుకున్నప్పుడు తలుపు ఓరగా తీసి పెట్టుకోవద్దూ? ఆమాత్రం తెలీదా?" అన్నాడు యజమాని, శవం ముందే.

కుట్టు అక్క కుంపటి వైపు చూసింది. ఆ మేడలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పొద్దున కుంపటి రాజేసి, ఆయనకు చలిగాలి తగలకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లింది తనే.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం జనం మెట్ల కింద కూడారు.

"ఈ మేడకి 'ఆదర్శ గృహం' అని బోర్డు తగిలించడానికి ఆఫీసరొస్తాడట. ఆ రోజే అడగాలి," అన్నాడు డ్రైవర్ మావయ్య.

"అడిగితే ఖాళీ చేయమంటాడు. పిల్లల్ని వేసుకుని ఏ వీధిన పడను?" అంది పాలమ్మే పిన్ని.

"ఇక్కడుంటే మాత్రం పిల్లలు దక్కుతారా?" అన్నాడు మావయ్య.

మాటామాటా పెరిగింది. ఇంతలో వెనక నుంచి ఒకతను ముందుకొచ్చాడు. పలకలు అతికించిన కూలీ.

"వెంటిలేటర్లు మూసింది నేనే. హీటర్లు పెట్టకుండా మూస్తే కుంపటి విషగాలి గదిలోనే నిలిచిపోతుందన్నాను. మూయకపోతే పనిలోంచి పొమ్మన్నాడు కాంట్రాక్టరు. హీటర్లు వచ్చాయి. యజమాని కొత్త హోటల్లో బిగించారు."

పిన్ని అతని చొక్కా పట్టుకుంది. "ఆ ముక్క అప్పుడే చెబితే నీ నోరు పడిపోయేదా?"

కుట్టు అక్క లేచి ఆ చెయ్యి విడిపించింది. "తలుపు వేసి వెళ్లింది నేను పిన్నీ. నన్నూ కొడతావా? చేతులు మనవే. చేయించింది వాళ్లు. అడగాల్సింది వాళ్లని."

పిన్ని చెయ్యి కిందికి జారింది.

ఆఫీసరు వచ్చిన రోజు మేడ గుమ్మం ముందు కుంపట్లన్నీ ఆరిపోయి వరసగా ఉన్నాయి. వాటి వెనక, ముసలీ ముతకా అంతా చలిలో నిలబడ్డారు. పలకల కూలీలు కూడా.

"సర్కారు మీ మంచికే కదమ్మా డబ్బిచ్చింది?" అన్నాడు ఆఫీసరు.

"మంచిదేనయ్యా. మా దాకా రానివ్వలేదు," అంది కుట్టు అక్క. "వెంటిలేటర్లు తెరవాలి. హీటర్లు పెట్టాలి. మా ఆయన చావుకి ఈ యజమాని మీదా, కాంట్రాక్టరు మీదా కేసు కట్టాలి. అప్పటిదాకా అద్దె ఇవ్వం. బోర్డు పెట్టనివ్వం."

యజమాని ఆఫీసరు వెంట వచ్చిన పోలీసుల వైపు చూశాడు. వాళ్లు ఆమె రెక్క పట్టుకుని వ్యాన్‌లోకి తోశారు.

"నన్నూ ఎక్కించుకోండి," అంటూ పిన్ని తనే ఎక్కింది. ఆమె వెనక డ్రైవర్ మావయ్య, పలకల కూలీ, ఇంకా ఎందరో. దిగమంటే ఒక్కరూ దిగలేదు. చోటు చాలనివాళ్లు వ్యాన్ వెంట నడిచారు. పక్కవీధిలో మరో మేడకి పలకలు దించుతున్న కూలీలు అది చూసి, దించినవి దించినట్టే వదిలి వాళ్లలో కలిశారు. ఆ మేడవాళ్లూ ఒక్కొక్కరే కిందికొచ్చారు.

బయట నినాదాలు మిన్నుముడుతున్నాయి. వ్యాన్ లోపల కుట్టు అక్క పిన్ని ఒళ్లో తల పెట్టుకుని, ఆయన పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.

ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు.