వంగిన కాలు

ఆ వేసవిలో చిట్యాల పాలకేంద్రంలోని యంత్రం గోవిందమ్మను దొంగను చేసింది. దూరం నుంచి ఎండలో నడిచొచ్చే ఆమె ఎంత చిక్కటి బర్రెపాలు పోసినా వెన్న తక్కువే చూపించేది.

"నీళ్ళు కలుపుడు ఎప్పటిసంది నేర్చినవ్ అత్తా?" వరుసలో వెనకున్న గుర్వయ్య నవ్వాడు.

"మీ ఇంట్ల సల్ల తాగినంక నేర్చిన కొడుకా" అంది గోవిందమ్మ. కానీ కార్యదర్శి మల్లయ్య వద్దన్న పాలను తిరిగి ఎత్తుకునేటప్పుడు ఆమె తల వాలిపోయింది. అది చూడలేక పీర్ మహమ్మద్ యంత్రం మూత విప్పాడు.

దాన్ని తయారుచేసింది ఆయన కొడుకు సర్దార్. అది పెట్టిన నెలకే, కిందటి చలికాలం, హైవే మీద లారీ గుద్ది చనిపోయాడు. రేడియోలు బాగుచేసే తండ్రికి దాని మర్మం వాడే చెప్పాడు. లోపల రెండు చిప్పులు. కరెంటు రాగానే యంత్రం ముందు పై చిప్పులోని ప్రోగ్రామును సరిచూసుకుంటుంది. అంతా సరిగా ఉంటే దాంతో నడుస్తుంది. ఏ ముక్క తేడా వచ్చినా వదిలేసి, కింది చిప్పులోని పాతదాన్ని ఎక్కించుకుంటుంది. కొత్తది చెడినా పని ఆగకూడదని సర్దార్ ఆలోచన.

పాతది సర్దార్ రాసిందే. ఎండకు వేడెక్కిన పాలకు కొలత తప్పుతుందని వాడికి తట్టలేదు. వాడి స్నేహితుడు అది దిద్ది హైదరాబాదు నుంచి కొత్త చిప్పు పంపాడు. పీర్ మహమ్మద్ దాన్ని పై గూట్లో పెట్టాడు. అయినా యంత్రం పాతదాంతోనే నడుస్తోంది.

పాతది మొదలయ్యేటప్పుడు ఎర్ర అంకెలు ఎడమ నుంచి కుడికి పరుగెత్తేవి. ఏ అవసరమూ లేదు, సర్దార్ సరదా. రోజూ పొద్దున్నే ఆ పరుగు చూడటానికే వస్తున్నానని పీర్ మహమ్మద్ ఎవరితోనూ అనలేదు. తనతో కూడా.

"జర మల్ల సూడు పీర్ భాయ్" అన్నాడు మల్లయ్య. "ముసల్ది రేపటిసంది రాదిగ."

పీర్ మహమ్మద్ పై చిప్పు లాగాడు. దాని సన్నటి తీగకాలొకటి గూట్లోకి దిగకుండా పొట్టకిందికి మడతపడి ఉంది. తీగల పనిలోనే ముసలివైన వేళ్ళు ఆయనవి. చిప్పు పెట్టిననాడే కాలు వంగుతున్న మెత్తదనం వాటికి తెలిసింది. మనసే విననట్టు ఊరుకుంది. కొత్తది నడిస్తే కొడుకు తప్పు చేశాడని ఒప్పుకోవాలి. దాన్ని దిద్దుకోవడానికి వాడిక రాడని కూడా.

"ఆగు అక్కా, పోకు" అన్నాడు గోవిందమ్మతో.

కాలు సాపు చేసి, చిప్పును గట్టిగా నొక్కాడు. కరెంటు వేశాడు. అంకెలు పరుగెత్తలేదు. నేరుగా సున్న వచ్చి నిలిచింది. మల్లయ్య ఆమె పాలు పోసి చూశాడు.

"వెన్న ఏడున్నర!"

గుర్వయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. గోవిందమ్మ మాత్రం యంత్రం దగ్గరికి వచ్చింది.

"గట్లయితే ఇన్నొద్దులు నీ కొడుకు మిషిను అబద్ధం జెప్పిందా భాయ్?"

"తెలిసి చెప్పలే అక్కా. వాడు చలికాలంలనే పోయిండు. ఎండకాలం సూడలే."

వాడు పోయాడన్న మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆ తర్వాత మూత బిగించబోతే మరలు చేజారి కిందపడ్డాయి, కళ్ళకు ఆనలేదు. గోవిందమ్మ కిందికి వంగి, ఒక్కొక్కటే ఏరి ఆయన చేతిలో పెట్టింది.