బావ కలిపిన పసుపు

పదకొండేళ్లు కెమెరా మోసుకుని కొండలెక్కి, మోకాళ్లు అరగదీసుకుని నేను సంపాదించుకున్నది ఒక్కటే: నా రంగు. పొలమైనా గుట్టైనా, నా ఫొటోలో సన్నటి తేనెరంగు వెలుగు పరుచుకుని ఉంటుంది. కింద పేరు చూడకుండానే నాదని జనం పోల్చేస్తారు. బతుకులో నాకంటూ మిగిలింది అదేననుకున్నాను.

నా ప్రింట్లన్నీ తీసేది అక్క మొగుడే. బావది ఇంటి ముందుగదిలోనే చిన్న ల్యాబు. పెద్ద ప్రదర్శన ఖాయమయ్యేసరికి నాకు కొమ్ములొచ్చి, ఈసారి ఊళ్లోకెల్లా ఖరీదైన ల్యాబుకిచ్చాను. ఆ మాట బావతో చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఇరవై ప్రింట్లు వచ్చాయి. అన్నీ నీలంగా, పాలిపోయి ఉన్నాయి. ఒళ్లు మండి ఆ ల్యాబతన్ని కడిగేశాను. అతను నొచ్చుకోకుండా, ఫైల్లో ఉన్నదే వేశామని కంప్యూటర్ తెర మీద చూపించాడు. మా ఇంట్లో తెర మీదా అవి అలాగే కనిపించేవి. పాత తెర, రంగు చూపించి చావదు, ప్రింటులో వస్తుందిలే అని ఇన్నేళ్లూ దాన్నే తిట్టుకున్నాను.

ఆ కట్ట పట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ బావ దగ్గరికి వెళ్లాను. ఆయన వేరే ల్యాబు సంగతే ఎత్తలేదు. మొదటి నుంచీ ప్రతి ప్రింటుకీ కాస్త పసుపు కలుపుతున్నానని, కూరలో ఉప్పు వేశానన్నంత మామూలుగా చెప్పాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత! నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా బావా?"

"మొదటి ప్రింటు చూసి నీ మొహం చేటంత అయిందిరా. ఇంకేం చెప్పను? వీటికీ కలిపి మళ్లీ తీసిస్తాను, రేపు పట్టుకెళ్లు."

ప్రింట్లు మళ్లీ చూశాను. ఆ కొండల మీద ఏ పొద్దూ నాకు వెచ్చగా అనిపించలేదు. వేళ్లు కొంకర్లు పోతుంటే, పలకరించే మనిషి లేక, ఎప్పుడు ఇంటికెళదామా అనుకుంటూనే నొక్కాను. అదంతా వీటిలో అలాగే ఉంది.

"వద్దు బావా. ఇవే పెడతాను."

జనం పోల్చుకోరన్నాడు బావ. పోల్చుకోకపోతే మానె అన్నాను. నాకిక ఓపిక లేదు.

లోపల్నుంచి వచ్చిన అక్క ఒక ప్రింటు తీసుకుని, కిటికీ దగ్గర చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్లూ ఇంత ఒంటరిగా ఉన్నావేంట్రా?" అంది.

"అవునక్కా" అన్నాను.